కుక్క ముందుగా చేయి ఎందుకు వాసన చూస్తుంది

ఒకప్పుడు కుక్కలకు అనుమానమంటే ఏమిటో తెలియదు. మనిషి కనిపిస్తే చాలు, పరుగెత్తుకొచ్చి ఒళ్లో పడేవి. ఆ చేయి ఎవరిది, ఆ చేతిలో ఏముంది అని చూసేవే కావు. అప్పట్లో కుక్కలూ గొర్రెలూ మనుషులూ కలిసి కబుర్లు చెప్పుకునేవాళ్లు.

ఆ రోజుల్లో బీరవ్వ అనే గొర్రెలకాపరి ఉండేది. ఆమెకు అరవై గొర్రెలు. గుట్టల్లో తోడేళ్ల బెడద ఎక్కువైంది. ఆమె ఒక తల్లికుక్క దగ్గరికి వెళ్లి, మందకు కాపలాగా ఒక పిల్లనిమ్మని బతిమాలింది.

"ఇస్త. వానలు పడ్డంక వచ్చి చూస్త. నీ బిడ్డలెక్క చూసుకోవాలె," అంది తల్లికుక్క.

"నా కండ్లల్ల పెట్టుకొని చూసుకుంట అక్కా," అంది బీరవ్వ.

పిల్లాడు జొన్నగింజ రంగులో ఉన్నాడు. జొన్నిగాడని పేరు పెట్టి, గొంగడిలో చుట్టుకుని తెచ్చుకుంది.

ఇక బీరవ్వ తెలివి చూడండి. ఆమెకు పుట్టినప్పటినుంచి తెలిసిన పని గొర్రెల్ని తోలడమే. గొర్రెల్ని ఎలా తోలుతారు? వెనక నిలబడి, కర్ర నేలకేసి కొట్టి, హేయ్ అంటారు. అవి ముందుకు కదులుతాయి. కుక్కపిల్లకూ అదే చదువు మొదలుపెట్టింది. కూర్చోమంటే కూర్చోలేదా, కర్ర. గుడిసెలో ఉచ్చ పోశాడా, కర్ర. గొంగడి కొరికాడా, కర్ర. పిలిస్తే రాకపోతే వెనకనుంచి వెళ్లి మరీ కర్ర. వాడు బుద్ధిగా కూర్చున్న రోజున మాత్రం ఒక్క మంచి మాట లేదు. బుద్ధిగానే ఉన్నాడు కదా, ఇంకేం చెప్పాలి అనుకునేది.

జొన్నిగాడు ఒక్కటే నేర్చుకున్నాడు. బీరవ్వ ఎక్కడుంటే అక్కడ తాను ఉండకూడదు.

వానలు పడ్డాయి. అన్న మాట ప్రకారం తల్లికుక్క వచ్చింది. పక్క మందల కాపరులు ఇద్దరు కూడా చూడటానికొచ్చారు. బీరవ్వ గొప్పగా కర్ర పట్టుకుని నిలబడి, "జొన్నిగా, ఇటు రా," అని పిలిచింది.

జొన్నిగాడు రాలేదు. చెవులు వెనక్కి వాల్చి, నేలకు కరుచుకుపోయి, ఉన్నచోటే ఉచ్చ పోసుకున్నాడు.

పక్క మందల వాళ్లు నవ్వారు. తల్లికుక్క నవ్వలేదు. అది బీరవ్వ చేతిలో కర్రవైపు చూసింది. బీరవ్వ గబుక్కున కర్రను వెనక్కి దాచింది. దాచిన మరుక్షణం తాను చేసింది తప్పని ఆమెకే తెలిసిపోయింది. కళ్లల్లో పెట్టుకుంటానన్న మాట గుర్తొచ్చింది. సిగ్గుతో నేలలోకి కుంగిపోతే బాగుండుననుకుంది.

"పది దినాలు ఈడనే ఉంట," అంది తల్లికుక్క. "ఆలోపల నా బిడ్డ వానంతట వాడు నీ దగ్గరికి వస్తే ఉంచుకో. రాకుంటే తోల్కపోత. ఇంక మా జాతి మీ గుడిసెల దిక్కు రాదు."

ఆ సాయంత్రం బీరవ్వ మందలో కూలబడి ఏడ్చింది. ఒక ముసలి గొర్రె నెమరు ఆపి, "వాడు గొర్రె కాదు బీరవ్వా," అంది. "మమ్ముల వెనకనుంచి తోలుతవు, పోతం. వానికి నీ ముఖం కావాలె. ముందట కూసోని పిలువు."

మర్నాడు బీరవ్వ కర్రను పొయ్యిలో పెట్టేసింది. నేలమీద కూర్చుని, అరచేతిలో జొన్నరొట్టె ముక్క పెట్టుకుని పిలిచింది. వాడు రాలేదు. రొట్టెకు చీమలు పట్టాయి. మూడో రోజు ఒక్క అడుగు వేశాడు. "శభాష్ బిడ్డా," అంటూ ముక్క విసిరింది. ఆ మాట వాడితో అనడం అదే మొదటిసారి. నాలుగో రోజు రెండడుగులు, రెండు ముక్కలు.

అయిదో రోజు జొన్నిగాడు మళ్లీ గొంగడి కొరికాడు. అలవాటుకొద్దీ బీరవ్వ చేయి దానంతటదే పైకి లేచింది. కొట్టలేదు. కానీ వాడు చూశాడు, కంచె అవతలికి పరుగెత్తాడు. రెండు రోజులు మొహం చూపించలేదు. ఆ రెండు రోజులూ బీరవ్వకు తన చేతిని చూసుకోవాలంటేనే సిగ్గేసింది.

ఎనిమిదో రోజున మళ్లీ మొదటి అడుగు నుంచి మొదలుపెట్టింది. ఒక ముక్క, ఒక శభాష్. ఉచ్చ బయట పోస్తే ఒక ముక్క. గొంగడి వదిలి ఎముక కొరికితే ఒక ముక్క, ఇంకో శభాష్.

పదో రోజు తల్లికుక్క, "రొట్టె లేకుంట పిలువు," అంది.

బీరవ్వ ఖాళీ చేయి చాచింది. "జొన్నిగా, రా బిడ్డా," అంది.

జొన్నిగాడు లేచాడు. మెల్లగా వచ్చాడు. జానెడు దూరంలో ఆగాడు. మెడ చాచి ఆమె అరచేయి వాసన చూశాడు, వేళ్ల సందులు చూశాడు, చేతిని ముక్కుతో తిప్పి వెనకవైపు కూడా చూశాడు. దొంగ దగ్గర దొరికిన సంచిని వెతికినట్టు వాడు వెతుకుతుంటే బీరవ్వ తల వంచుకుంది. చివరికి వాడు తన గడ్డాన్ని ఆమె చేతిలో ఆనించాడు.

"ఉంచుకో," అంది తల్లికుక్క. "కానీ వాసన చూడొద్దని వానికి చెప్పను. నా మిగతా పిల్లలకు కూడ చూడుమనే చెప్త."

ఎందుకో బీరవ్వకు తెలుసు.

జొన్నిగాడు పెద్దవాడై తోడేళ్లను గుట్ట దాటించాడు. శభాష్ అంటే ఎగిరి గంతేసేవాడు. అయినా ప్రతి పొద్దునా దగ్గరికొచ్చే ముందు ఆగి, ఆమె చేయి వాసన చూసేవాడు. చూసినంతసేపూ ఆమె ఆ చేతిని కదిపేది కాదు.

అప్పటినుంచే ఏ కుక్కయినా మనిషి దగ్గరికి రాబోయి, జానెడు దూరంలో ఆగి, ముందుగా చేయి వాసన చూస్తుంది. ఆ చేయి ఎంత మంచిదైనా సరే, చూశాకే నమ్ముతుంది.