మరిడమ్మ వైపు

పొద్దు పొడిచి సరిగ్గా మూడు గడియలైంది. మరిడమ్మ అన్నం కుండ వంచి గంజి వార్చింది.

ఎప్పటి మాట అంటే, చెప్పేవాళ్లందరూ ఒకటే చెబుతారు: గోదారికి ఇన్ని గట్లు లేనప్పటి మాట. ఆ గోదారి పాయ ఒడ్డున ఒక గుట్ట, గుట్ట మీద గుట్టవాడ అనే ఊరు. ఆ ఊరి చాకలి మరిడమ్మ. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్నవి ఒక గాడిద, ఒక ఇస్త్రీ చెంబు, రెండు తెల్లచీరలు. ఒకటి కడితే ఒకటి ఆరేది.

నలభై ఇళ్ల బట్టలు ఉతికేది. ఒకరివి ఒకరికి పోకుండా ప్రతి గుడ్డ మూలా నల్లజీడి రసంతో గుర్తు పెట్టేది. ఊరి పెద్ద ఇంటికి మూడు చుక్కలు. వడ్రంగి ఇంటికి ఒక గీత. ఇంటికొక గుర్తు. ఎన్ని ఉతుకులు ఉతికినా జీడి గుర్తు పోదు. తన చీరలకు మాత్రం గుర్తు పెట్టుకోలేదు. గుర్తు లేనివి ఎవరివో వేరే చెప్పాలా?

ఆ ఊరికి ఒక ముచ్చట ఉంది. కోతలయ్యాక కొయ్యపిట్టలు ఎగరేసేవారు. తేలిక కొయ్యతో ఒళ్లు చెక్కి, వెదురు బద్దలతో రెక్కలు కట్టి, వాటి మీద గుడ్డ కప్పి, గుట్ట మీంచి గాలిలోకి తోసేవారు. ఎవరి పిట్ట దూరం పోతే ఆ ఏడు వాళ్లది గెలుపు. చూసేవాళ్లంతా గుట్ట మీదే నిలబడతారు కాబట్టి వాళ్లకు పిట్ట వీపే కనపడుతుంది. అందుకని వీపు వైపే రంగు పట్టు కప్పేవారు. అడుగు వైపు ఉత్త బద్దలే. కనపడని చోట గుడ్డ దండగ అనుకునేవారు.

ఆ ఏడు శ్రావణంలో, మరిడమ్మ గంజి వార్చిన పూటే, గుట్ట మీద డప్పు మోగింది. అంతకు ముందురోజు పందొమ్మిది మంది పాయ అవతలున్న ఇసకలంకలో వంకాయలు కోయడానికి వెళ్లి, రాత్రికి అక్కడే పడుకున్నారు. రాత్రికి రాత్రి ఎగువ నీరు దిగింది. తెల్లారేసరికి లంక సగమైంది. పందొమ్మిది మందీ ఒక దిబ్బ మీద నిలబడి ఉన్నారు. వాళ్లలో వడ్రంగి మల్లాచారి కూతురు కనకం ఉంది. కనకానికి ఆరో నెల.

మరిడమ్మ గంజికుండ చంకన పెట్టుకుని అలాగే గుట్ట ఎక్కింది.

పడవ రెండుసార్లు వేశారు. రెండుసార్లూ సుడి తిప్పి దిగువకు విసిరేసింది. పాయ వెడల్పు నూట ఇరవై బారలు. ఇవతలి నుంచి అవతలికి ఒక మోకు కట్టగలిగితే, దాన్ని పట్టుకుని పడవ నడపొచ్చు. అంత బరువు మోకును అవతలికి విసిరే మనిషి లేడు.

మల్లాచారి పాయను ఈ చివర నుంచి ఆ చివర దాకా కళ్లతో కొలిచాడు. తర్వాత అన్నాడు: "మోకును పిట్ట మోయలేదు. దారాన్ని మోస్తుంది. దారానికి పురికొస కడదాం, పురికొసకు మోకు కడదాం. వాళ్లు లాక్కుంటారు."

అతని కొట్టంలో మూడు పిట్టలు బద్దలతో సిద్ధంగా ఉన్నాయి. ఊరి పెద్ద సోమన్నకాపు తన ఇంట్లోంచి పచ్చపట్టు తెప్పించాడు. ఎప్పటిలాగే వీపు వైపు తడిపి బిగించి అతికించారు. పట్టు ఆరేకొద్దీ లాగింది. రెక్కలు పైకి మెలి తిరిగాయి. పిట్ట గుట్ట దాటగానే పక్కకు ఒరిగి నీళ్లలో పడింది.

లంక మీద దిబ్బ చిన్నదైంది.

రెండో పిట్టకు డప్పులవాళ్ల దగ్గర పలుచటి మేకతోలు తెచ్చి కప్పారు. తోలు తేమ పీల్చింది. పిట్ట బరువెక్కి ఇటుక రాయిలా దిగిపోయింది.

లంక మీద దిబ్బ ఇంకా చిన్నదైంది. ఇక మిగిలింది ఒక్క పిట్ట.

అప్పుడు మరిడమ్మ ముందుకొచ్చింది. మూడో పిట్టకు గుడ్డ తాను కప్పుతానంది. సోమన్నకాపు ఆమె వైపు చూడకుండానే అన్నాడు: "ఏమే మరిడీ, పిట్టల సంగతి నీకేం తెలుసే?"

"పిట్టల సంగతి నాకు తెల్దు బాబూ. గుడ్డ సంగతి తెలుసు. మీ ఇంటి గుడ్డలు కూడా తెలుసు. మీ కొత్త పంచె మూడు ఉతుకులకు జానెడు కురచైందని నన్ను తిట్టారు గదా. ఆ గుడ్డే పిట్ట మీదేస్తే ఊరుకుంటుందా?"

గుట్ట మీద ఒకరిద్దరు ఆ పూట మొదటిసారి నవ్వారు. సోమన్నకాపు నవ్వలేదు. అడ్డమూ చెప్పలేదు.

గుడ్డలు తెమ్మంది. మిగిలిన పట్టు ఇచ్చారు. నోటి దగ్గర పెట్టుకుని ఊదింది, ఎండకేసి చూసింది, పక్కన పెట్టింది. కొత్తదనీ, ఇంకా లాగుతుందనీ చెప్పింది. ఎవరో పై కండువా ఇచ్చారు. ఊదింది, చూసింది, పక్కన పెట్టింది. అదీ కొత్తదే, బరువు కూడా. ఇంకెవరో దోమతెర గుడ్డ ఇచ్చారు. ఊదింది. ఊపిరి అవతలికి పోయింది. పక్కన పెట్టింది.

"లాగడమంతా ఎప్పుడో అయిపోయిన గుడ్డ కావాలి," అంది. "ఏళ్ల తరబడి ఉతికింది కావాలి." ఇంటికి వెళ్లి, మొహం కడుక్కునేంత సేపట్లో తిరిగొచ్చింది. ఒక చేతిలో ఇస్త్రీ చెంబు, ఆముదం. రెండో చేతిలో తెల్లగుడ్డ ముక్కలున్నాయి, నీరుకావి కూడా పోయిన తెలుపు. ఎవరి గుడ్డని ఎవరూ అడగలేదు. అడిగే తీరిక లేదు.

ముందు పిట్టను వెల్లకిలా తిప్పింది. మల్లాచారి ఆపబోయాడు.

"అది అడుగు వైపు మరిడమ్మా."

"అవును ఆచారిగారూ. గంజి ఆరితే పాతగుడ్డైనా కాస్త లాగుతుంది. ఒక్క వైపే లాగితే మనిషైనా వంకర పోతాడు. రెండు వైపులా లాగనియ్యండి."

అడుగు వైపు ముందు అతికించింది. తర్వాత వీపు వైపు. కొసలు బద్దల లోపలికి మడిచింది. పొద్దున వార్చిన గంజిని పలుచగా రెండు వైపులా పట్టించింది. ఇస్త్రీ చెంబులో నిప్పులు పోసి, గుడ్డకు బెత్తెడు దూరంలో ఆడించి ఆరబెట్టింది. చివర ఆముదం చేతితో ఒకసారి తుడిచింది. వేలితో కొడితే రెక్క చిన్న డప్పులా పలికింది. బద్ద ఎక్కడా వంగలేదు.

పడమటి గాలి వచ్చేదాకా ఆగారు. మల్లాచారి పిట్టను తలపైకి ఎత్తాడు. సోమన్నకాపు వచ్చి అతని మోచేతులు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి తోశారు.

పిట్ట ముందు కిందికి దిగింది.  తర్వాత గాలి రెక్క అడుగున పట్టింది. పిట్ట లేచింది. బుట్టలో చుట్టిన దారం చుట్ట తర్వాత చుట్ట విడిపోతూ పోయింది. సగం బుట్ట అయింది. ముప్పాతిక అయింది. బుట్ట అడుగు కనపడింది. అప్పుడు దారం ఆగింది.

ఆగిన దారాన్ని అవతలి నుంచి ఎవరో మూడుసార్లు లాగారు.

దారం వెంట పురికొస వెళ్లింది. పురికొస వెంట మోకు వెళ్లింది. లంకలో మునగని చింతమొద్దు ఒకటి ఉంటే దానికి కట్టారు. మోకు వెంట పడవ మూడుసార్లు పోయి వచ్చింది. మొదటిసారి ఏడుగురు, రెండోసారి ఏడుగురు, మూడోసారి ఐదుగురు. రెండో విడతలో కనకం దిగింది. తండ్రిని చూసి ఆ పిల్ల అడిగిన మొదటి మాట, తినడానికేమైనా ఉందా అని. మల్లాచారి నవ్వుతూ అన్నం కోసం ఇంటి వైపు పరుగెత్తాడు. ఆఖరి విడత దిగాక గడియ తిరక్కుండా దిబ్బ మునిగింది.

ఆ రోజు గుట్టవాడలో ఎవరూ పొయ్యి ఆర్పలేదు. వచ్చినవాళ్లకు తిన్నంత పెట్టారు. మరిడమ్మ ఖాళీ గంజికుండ తీసుకుని రేవుకు పోయింది. ఉతకాల్సిన బట్టలు అలాగే ఉన్నాయి.

తర్వాత మెల్లగా గుసగుసలు మొదలయ్యాయి. ఆ గుడ్డ ఎవరిది? ఆడవాళ్లు తమ తమ బట్టలు చూసుకున్నారు. ఏ ఇంట్లోనూ ఏదీ తగ్గలేదు, అయినా అనుమానం పోలేదు. సోమన్నకాపు మాత్రం, అది మా ఇంటి గుడ్డే అయితే నాకంటే గొప్పవాడు ఈ ఊళ్లో లేడు, నోళ్లు మూసుకోండి అన్నాడు.

మరిడమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. కనకం కొడుకు పిట్టలు చెక్కడం నేర్చుకునేదాకా చూసి పోయింది. ఆమె బొమ్మ ఎవరూ చెక్కలేదు, ఆమెకు గుడి ఎవరూ కట్టలేదు. కానీ గుట్టవాడలో ఈనాటికీ పిట్టకు అడుగు వైపే ముందు గుడ్డ కప్పుతారు. దాన్ని అడుగు వైపు అనరు, మరిడమ్మ వైపు అంటారు. ఆ గుడ్డ పాతది కావాలి. దానికి గుర్తు ఉండకూడదు. అందుకోసం ప్రతి ఇంట్లో ఒక్క గుడ్డకు గుర్తు పెట్టకుండా వదిలేస్తారు.

ఎందుకలా అంటే, వరద తీసిన ఆరో రోజున మల్లాచారి లంకకు వెళ్లి, చింతమొద్దుకు చిక్కుకున్న పిట్టను వెతికి తెచ్చాడు. నీళ్లలో నాని గంజి వదిలింది, బద్దల లోపలికి మడిచిన కొసలు ఊడి వేలాడుతున్నాయి. ముక్కలన్నీ కలిపి పరిస్తే అది నిండు చీర. నాలుగు మూలలూ ఉన్నాయి. ఊరంతా చూస్తుండగా సోమన్నకాపు ఒక్కో మూలా ఎండకేసి పట్టి చూశాడు.

ఏ మూలా గుర్తు లేదు.