గూడబాతు మీద మెత్తపీట

అనగనగా అని ఊరుకుంటే సరిపోయేదే గానీ, ఈ కథకు తేదీ కూడా ఉంది. ప్రమోదూత నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళ పంచమి, గురువారం. ఆ రోజు తెల్లవారుతూనే పడమటి గాలి సెగలు కక్కింది. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. గోదావరి సన్నబడి, ఇసుక తిన్నెలు ఏనుగు వీపుల్లా బయటపడ్డాయి.

ఆ గోదావరి గట్టున ఒక నేరేడు చెట్టు. చెట్టు మీద మూడు ఉడుతలు, ఒక తల్లి పిల్లలు. పెద్దవాడు గవర్రాజు. నడిమిది సత్తెమ్మ. చిన్నవాడు సూరన్న. చిన్నవాడంటే పిల్లవాడనుకునేరు! మనవలున్నవాడు, నడుం నొప్పి కూడా ఉన్నవాడు.

వాళ్లు కళ్లు తెరవకముందే తల్లిని డేగ ఎత్తుకుపోయింది. మేనత్త వరహాలమ్మ వచ్చి ముగ్గురినీ తన తోక కింద దాచుకుని పెంచింది. వాళ్లు పెద్దవాళ్లయ్యాక ఏటి నడుమ ఉన్న నడిమిలంకకు వెళ్లి అక్కడే ఉండిపోయింది.

ఆ గురువారం ఉదయం లంక నుంచి ఒక కాకి కబురు తెచ్చింది.

"మీ అత్తకి ఒంట్లో ఏమీ బాగాలేదు. మూడు రోజులుగా మంచినీళ్లు తప్ప ముట్టడం లేదు. మన చెట్టు నేరేడుపళ్లు తినాలనుంది, పిల్లల్ని చూడాలనుంది అంటోంది. మధ్యాహ్నం దాకా ఉంటే గొప్ప. త్వరగా రండి."

ముగ్గురూ ఏడుస్తూనే మూడు దొప్పలు కుట్టారు. కొమ్మకొమ్మకీ ఎక్కి మాగిన పళ్లు ఏరి నింపారు. నేరేడుపండు సంగతి మీకు తెలుసుగా, పిల్లలూ. దొంగతనంగా తిన్నవాణ్ణి నాలుక రంగుతో అమ్మకి పట్టించే పండు ఇదొక్కటే. అందుకే దాన్ని నోరుమూసుకుని తినాలంటారు, అయినా ఎవరూ మూసుకోరు. సరే, కథ దారి తప్పుతోంది.

ఏరు ఈదే సత్తా ఉడుతకి లేదు. ఆ రేవులో జనాన్ని దాటించేవి గూడబాతులు. సంచిలాంటి ముక్కు, తెరచాపల్లాంటి రెక్కలు. మోయడం గూడబాతుల పని. పీటలు అమ్మడం గోరింక పని.

పీటలు రెండు రకాలు. తోక దగ్గర వట్టి వీపు. దాని కిరాయి రెండు పళ్లు. మెడ దగ్గర బూరుగుదూది పరిచిన మెత్తపీట. దానికి దొప్పెడు పళ్లు. గూడబాతుకి చేపలు తప్ప మరేమీ సయించవు. మరి పళ్లన్నీ ఎవరి కడుపులోకి పోతాయో మీరే ఆలోచించుకోండి.

అసలు ఆ మెత్తపీట కాశీ వెళ్లేవాళ్ల కోసం పుట్టింది. పది రోజుల ప్రయాణంలో నడుం విరుగుతుంది గనుక ఎవరో పుణ్యాత్ముడు దూది పరిపించాడు. పన్నీరు, గంధం, పానకం, తాంబూలం ఏర్పాటు చేశాడు. పొద్దుపోవడానికి, వంశాన్ని పొగుడుతూ పాడే పిచ్చుకల మేళం పెట్టాడు. ఈ మర్యాదలన్నీ పూర్తికాకుండా మెత్తపీట వాళ్లని నేల మీద దించకూడదని గూడబాతుల కట్టుబాటు. కాశీ దారిలో అది బాగానే ఉంది. ఆ తర్వాత గోరింక అదే పీటని ఏరు దాటేవాళ్లకీ అమ్మడం మొదలుపెట్టింది.

ఉడుతలు రేవుకి వచ్చేసరికి గోరింక ఎదురొచ్చింది.

"రండి రండి, గవర్రాజుగారూ! మీలాంటివారు వట్టి వీపు మీద కూర్చుంటే మా రేవుకే తలవంపులు!"

గవర్రాజు తోక ఒకసారి దులుపుకుని దొప్ప గోరింక చేతిలో పెట్టేశాడు.

"అన్నయ్యా, అవి అత్త పళ్లు కదా!" అన్నాడు సూరన్న.

"నువ్వు తెస్తున్నావు, చెల్లాయి తెస్తోంది. ముసలిప్రాణం ఎన్ని తింటుందిరా? లంకంతా ఒడ్డున నిలబడి చూస్తుంటుంది. వరహాలమ్మ పెద్ద మేనల్లుడు తోక ఈకలు పట్టుకుని వేళ్లాడుతూ దిగాడంటే ఎవరికిరా నామర్దా? అత్తకే!"

మేళానికి వంశం వివరాలు కావాలంది గోరింక. గవర్రాజు పద్నాలుగు తరాల పేర్లు చెప్పాడు. అందులో తొమ్మిది తరాలు అక్కడికక్కడే పుట్టాయి.

తర్వాత సత్తెమ్మ వంతు. రెండేళ్ల కిందట తాటిచెట్టు మీంచి పడి ఆమె వెనక కాలు విరిగింది. ఆ కాలికి పట్టు లేదు. గోరింక ఆ కాలు చూసింది.

"నీకు సగం దొప్పకే ఇస్తానమ్మాయ్, ఎక్కు."

"సగానికి ఇచ్చేదానివి మా అన్నయ్యకి ఆ మాట ఎందుకు చెప్పలేదే?"

"ఆయన అడగలేదమ్మా!"

సత్తెమ్మ తమ్ముడి వైపు చూసింది. "సిగ్గుగా ఉందిరా. అత్త నోటి దగ్గరవి తీసి నా కాలికి పెడుతున్నట్టుంది."

"పట్టు తప్పి ఏట్లో పడ్డావంటే అత్తకి పళ్లూ ఉండవు, నువ్వూ ఉండవు. మాట్లాడకుండా ఎక్కక్కా," అన్నాడు సూరన్న.

తను మాత్రం రెండు పళ్లిచ్చి వట్టి వీపు ఎక్కాడు.

మూడు గూడబాతులు ఒకదాని వెనక ఒకటి లేచాయి. వడగాలి మొహాన కొట్టింది. ఈకలు జారుతున్నాయి. రెక్క ఊగినప్పుడల్లా సూరన్న నడుంలో కలుక్కుమంది. ముందు పక్షి మీద అన్నయ్య దూదిలో ఒరిగి కూర్చుని పన్నీరు చల్లించుకుంటున్నాడు. చల్లటి తుంపరలు నాలుగు సూరన్న మొహం మీద కూడా పడ్డాయి. పడకుండా ఉంటేనే బాగుండేది.

అప్పుడు గోరింక పక్కనే ఎగురుతూ వచ్చింది. దాని కాళ్లకి చిన్న దూది పరుపు వేళ్లాడుతోంది.

"సూరన్నా, నీ అవస్థ చూడలేకపోతున్నానయ్యా. ఐదు పళ్లు. ఐదంటే ఐదు!"

సూరన్న ఆ పరుపు వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మెత్తటి చోట కూర్చున్నది లేదు. గింజలు మోసి మోసి అరిగిపోయిన నడుం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి కూర్చుంటే తప్పేముంది? అత్త పళ్లు లెక్కపెడుతుందా? అతని చెయ్యి దొప్పలోకి వెళ్లింది. ఐదు పళ్లు పైకొచ్చాయి. పాపం, ఎవరి చెయ్యైనా వెళ్లేదే.

ఇస్తూ ఇస్తూ ఆగాడు.

"ఇంకా ఎంత దూరం?"

గోరింక మాటకారి గానీ అబద్ధాలకోరు కాదు. కిందికి చూసి కాస్త నసిగింది. "అదిగో లంక. పరుపు కట్టేసరికి... దిగిపోతాం."

సూరన్నకి నవ్వొచ్చింది. పళ్లు దొప్పలో వేసేశాడు.

"ఆ మాత్రానికి నా నడుం ఓర్చుకుంటుందిలే. కాశీకి పోయేటప్పుడు అడుగు, దొప్పెడూ ఇస్తాను!"

అతని గూడబాతు నేరుగా లంక ఇసుకలో వాలింది. సూరన్న దూకి, నడుం పట్టుకుని, అత్త గూటి వైపు పరుగెత్తాడు.

మిగతా రెండు పక్షులూ వాలలేదు. మర్యాదలు మిగిలి ఉన్నాయి కదా, లంక చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. సంగతి తెలియగానే సత్తెమ్మ కేక పెట్టింది.

"నాకు గంధం వద్దు, పానకం వద్దు, పాట అసలే వద్దు! దించండి!"

"మర్యాద వద్దన్నవాళ్లని ఇంతవరకు చూడలేదు," అంది పిచ్చుక.

"ఇప్పుడు చూశావుగా. వద్దన్నవాళ్లకి కట్టుబాటేమిటి? దించు!"

ఆ మాట గూడబాతుకి సబబుగా తోచింది. దించేసింది.

గవర్రాజుకి మాత్రం కింద లంక జనమంతా తలలెత్తి చూడటం కనిపించింది. ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు. గంధం రాయించుకున్నాడు. పానకం రెండోసారి అడిగాడు. తాంబూలం వేసుకున్నాడు. మేళం మొదలైంది.

కింద గూటిలో వరహాలమ్మ కొబ్బరిపీచు పరుపు మీద పడుకుని ఉంది. సూరన్న ఒక పండు చిదిమి నోట్లో పెట్టాడు. ఆవిడ చప్పరించింది. సత్తెమ్మ కుంటుతూ వచ్చి రెండోది పెట్టింది. మూడోది ఆవిడే చెయ్యి చాపి తీసుకుంది. తిని, చిన్నపిల్లలా నాలుక బయటపెట్టి చూపించింది.

"రంగొచ్చిందిరా?"

"వచ్చిందత్తా."

"మా అమ్మ చూస్తే చావగొట్టేది!" అని నవ్వింది. నవ్వు మధ్యలో ఆయాసం వచ్చింది. "గవర్రాజేడీ?"

"పైనే ఉన్నాడత్తా. వచ్చేస్తున్నాడు."

"పైన తిరగడమేమిట్రా? దిగమను. చూసి చాలా కాలమైంది."

లంక ఉడుతలకి ఒక ఆచారం ఉంది. పోయేవాళ్లు ఎవరి చెయ్యి పట్టుకుని ఏది నీదని చెబితే అదే వాళ్లకి చెందుతుంది. చెయ్యి పట్టుకోకుండా చెప్పినది చెల్లదు. వరహాలమ్మ సూరన్న చెయ్యి పట్టుకుని చెప్పింది. సత్తెమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది. మూడో చేతి కోసం చెయ్యి చాపి ఉంచి, గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది.

పైన గవర్రాజుకి ఏడో తరం పాటలో ఉండగా, ఆకుల సందున చాపి ఉన్న అత్త చెయ్యి కనబడింది.

"ఆపండి! దించండి! మర్యాదలు చాలు!"

"వంశం మొదలుపెట్టాక ఆపకూడదు, గవర్రాజుగారూ! మీ తాతలింకా ఏడుగురున్నారు," అంది పిచ్చుక. "వదిలేస్తే వాళ్లకి అవమానం కదండీ?"

లేని తాతలకి అవమానమేమిటని గవర్రాజు ఎలా చెప్పగలడు? ఏడుగురు తాతల్నీ కళ్లనీళ్లతో విన్నాడు.

అతను వచ్చేసరికి వరహాలమ్మ కన్నుమూసింది. ఒంటినిండా పన్నీరు వాసనతో, నుదుట ఆరని గంధంతో గవర్రాజు ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి, "అత్తా!" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, పిల్లలూ. ఆవిడంటే ప్రాణమే. సూరన్న దొప్పలోంచి ఒక పండు తీసి అన్నయ్య చేతిలో పెట్టాడు. గవర్రాజు దాన్ని అత్త అరచేతిలో ఉంచి, వేళ్లు మూశాడు.

వరహాలమ్మ తూర్పు గట్టు మామిడిచెట్టు సూరన్నకి వచ్చింది. ఎక్కడానికి శ్రమలేని కింది కొమ్మ గూడు సత్తెమ్మకి వచ్చింది. కాయలు గుత్తులుగా వేలాడే కొబ్బరిచెట్టు, అందుకోవలసిన మూడో చెయ్యి సమయానికి రాకపోవడంతో, లంక ఉడుతలందరికీ ఉమ్మడి అయింది. గవర్రాజుకి ఏమీ రాలేదు.

నీతి: సుఖం కొనుక్కునే ముందు దారి ఎంతుందో, దానికోసం చేతిలోంచి పోయేది ఎవరి కోసం తెచ్చినదో, ఒక్కసారి ఆగి అడిగి తెలుసుకోవాలి.