మొదటి గరిటె నూకాలుది

అనగనగా, కొండలు తవ్వి రాళ్లలోంచి లోహాలు కరిగించే కాలాన, ఒక ఊరి చివర నూకాలు అనే కళాయి మనిషి ఉండేది. సీసం కరిగించే కొలిమి దగ్గర పనిచేసి ఆమె మొగుడు పోయాడు. పిల్లల్లేరు. పలకరించే దిక్కు లేదు.

ఇత్తడి గిన్నెలో చింతపండు చారు కాస్తే చిలుమెక్కుతుంది. అందుకే నూకాలు గిన్నెను కాల్చి, తగరం రుద్ది, లోపలంతా తెల్లగా కళాయి పూసేది. ఊళ్లోవాళ్లు గిన్నెలు ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు. మాటలు మాత్రం ఇచ్చేవాళ్లు కాదు.

ఒకసారి తగరమని సంతలో తెచ్చిన కడ్డీతో మూడిళ్ల గిన్నెలకు కళాయి పూసింది. మిగిలిన ముక్కను వంచింది. తగరాన్ని వంచితే కిర్రుమంటుంది. ఇది కిక్కురుమనలేదు. మళ్లీ వంచింది. కిక్కురుమనలేదు. మూడోసారి చెవికి ఆనించి వంచింది. కిక్కురుమనలేదు.

"అయ్యో, ఇది సీసం!" అని గుండె బాదుకుంది.

సీసం ఒక్క పూటలో చంపదు. మెల్లగా ఒంట్లో చేరుతుంది. పసివాళ్లను ముందు పట్టుకుంటుంది.

నూకాలు పరుగెత్తింది. మొదటి ఇంటివాళ్లు తిట్టి గిన్నె ఇచ్చారు. రెండో ఇంటివాళ్లు నవ్వి ఇచ్చారు. అసలు తగరంతో మళ్లీ పూసింది. మూడో ఇల్లు అచ్చాయమ్మది. ఆమెకు ముగ్గురు పసిపిల్లలు.

"ఏమే, అద్దంలా మెరుస్తున్న గిన్నెను గీకిపారేస్తావా? నీకేమైనా పిచ్చా?"

"ఆ మెరుపు చూసే నేనూ మోసపోయాను తల్లీ. అందులో చారు కాచి పిల్లలకు పొయ్యకు."

"అంత విషమైతే నువ్వే తాగు, చూద్దాం!"

"తాగుతాను. నా సంగతి తేలేదాకా పిల్లలకు పొయ్యనని ఒట్టెయ్యి."

అచ్చాయమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఒట్టేసింది.

రోజూ ఆ గిన్నెలో గరిటెడు చారు మరిగించి పోసేది. నూకాలు గడప బయట కూర్చుని తాగేది. లోపల పిల్లలు కంచాల దగ్గర అల్లరి చేస్తుంటే వినేది. ఎవరూ బయటికొచ్చి ఆమె పక్కన కూర్చోలేదు.

మొదటి నెల కడుపు మెలిపెట్టింది. "అరగలేదేమోలే" అంది అచ్చాయమ్మ.

రెండో నెల మణికట్లు వాలిపోయాయి. "వయసు మీద పడిందిలే" అంది.

మూడో నెల చిగుళ్ల మీద, సీసం కొలిమి పనివాళ్లకు పడే నల్లటి గీత పడింది. అచ్చాయమ్మ గిన్నెను పెరట్లోకి విసిరికొట్టింది. వచ్చి నూకాలు పక్కన కూలబడింది.

"తెలిసి తెలిసి ఎందుకు తాగావే?"

"నొప్పెక్కడో పసివాళ్లు చెప్పలేరు కదమ్మా. నేనైతే చెప్పగలను."

ఆ వానాకాలం దాటకుండానే నూకాలు కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ కొండ ఊళ్లలో కొత్తగా కళాయి పూసిన గిన్నెలో చారు కాస్తే, మొదటి గరిటె పిల్లలకు పొయ్యరు. ఇంటి పెద్ద గడప బయట కూర్చుని తాగాలి. ఒంటరిగా తాగనివ్వరు. ఇంటిల్లిపాదీ వచ్చి చుట్టూ కూర్చుంటారు. గరిటె ఖాళీ అయ్యాక, "నూకాలు తాగింది, ఇక మనం తిందాం" అని లేస్తారు.