చలివాకిలి అమ్మవారు ద్రాక్షతోటలో వెలసిన వైనం

తూర్పు కనుమల్లో, గుమ్మిరేవు కొండవాలున, ద్రాక్షతోటల నడుమ చలివాకిలి అమ్మవారి గుడి ఉన్నది. గుడి చుట్టూ మూడు వైపులే ప్రహరీ. దిగువ వైపు గోడ లేదు. ద్రాక్ష వేసి వైను తీద్దామని ఈ చలికొండలకు కొత్తగా వచ్చేవారు ముందుగా ఇక్కడికే వస్తారు.

పూర్వం ఇక్కడ రాగులు, సామలు తప్ప మరేమీ పండేవి కావు. పాంగి సుక్రి, ఆమె భర్త డొంబు ఆ పంటతోనే బతికేవారు. ఒకనాడు జ్వరంతో దారిలో పడిపోయిన సాధువును సుక్రి ఇంటికి తెచ్చి, తొమ్మిది రోజులు అంబలి పోసి నిలబెట్టింది. వెళుతూ ఆయన జోలెలోంచి ఏడు ద్రాక్షకొమ్మలు తీసి ఇచ్చాడు.

"చలిలో నిదానంగా పండిన ద్రాక్షకు రుచి ఎక్కువ తల్లీ. చిగురును మాత్రం మంచు కాల్చకుండా చూసుకో" అన్నాడు.

డొంబు అడవిపందుల భయంతో కొమ్మల చుట్టూ నడుమెత్తు రాతిగోడ కట్టాడు. ఒక్కో రాయీ వాగులోంచి మోసుకొచ్చినదే. అయినా వరుసగా రెండేళ్లు చిగుళ్లు మంచుకు మాడిపోయాయి. నాలుగు తీగలే మిగిలాయి. ఈ ఏడూ పోతే పీకేసి సామలు చల్లుతానన్నాడు డొంబు.

ఒక మధ్యాహ్నం కలుపు తీసి అలసిన సుక్రి గోడకు చేరగిలి కునుకు తీసింది. కలలో ఒక ముసలమ్మ వణుకుతూ నిలబడింది.

"కొండ దిగి పోదామని వచ్చానమ్మా. మీరు దారి మూసేశారు. ఎక్కడికి పోను?"

సుక్రి లేచి దిగువ గోడ విప్పసాగింది. డొంబు పరుగున వచ్చాడు.

"పందులు ఒక్క తీగ కూడా మిగల్చవే."

"పందులకు నేను కాపలా ఉంటాను. చలికి కాపలా ఉండలేం కదా. అది నీళ్లలా పల్లానికి దిగుతూ ఈ గోడ దగ్గర ఆగిపోతోంది. దాన్ని పోనివ్వాలి."

అతడు కోపంగా వెళ్లిపోయాడు. ఆమె ఒక్కతే నాలుగు రోజులు రాళ్లు తీసింది. అడుగు వరుసలో అమ్మవారి ముఖం గల రాయి కనబడింది. కలలోకి వచ్చింది ఈ తల్లేనని దాన్ని అక్కడే నిలిపి మొక్కింది.

ఆ చలికాలం వాగు ఒడ్డంతా తెల్లగా గడ్డకట్టింది. తోటలో మాత్రం ఉత్త మంచుబిందువులే. మరుసటి ఏడు నాలుగు తీగలూ కాశాయి. డొంబు ఒక పండు నోట్లో వేసుకుని రుచి చూశాడు. తరువాత వెళ్లి అమ్మవారికి పందిరి తానే వేశాడు.

నేటికీ సుక్రి వంశపు ఆడవారే ఇక్కడ పూజారులు. కొత్తగా తోట పెట్టేవారికి అమ్మవారి తీగ నుంచి ఒక కొమ్మ ప్రసాదంగా ఇస్తారు. ఇచ్చే ముందు, "మీ నేలలో చలి ఎటు దిగుతుంది?" అని అడుగుతారు. చెప్పలేనివారిని ఒక చలికాలం తమ నేలలోనే ఉండి చూసి రమ్మంటారు. అలా చూసి వచ్చినవారి తోట అమ్మ దయవల్ల తప్పక నిలుస్తుందని భక్తుల నమ్మకం.