చల్లని వాగులో మూడు రోజులు

అనగనగా ఒక అడవిలో, రెండు కొండల సందున, వేడినీటి బుగ్గ ఒకటి ఉండేది. నేలలోంచి నీళ్ళు సలసలా మరుగుతూ పైకి వచ్చేవి. దగ్గరికి వెళితే కుళ్ళిన గుడ్ల వాసన. జింకలు అటు తొంగిచూసేవి కావు. కోతులు కూడా దూరం నుంచే ముక్కు మూసుకుని పోయేవి.

అలాంటి చోట ఎవరుంటారు అనుకుంటున్నారా పిల్లలూ? ఉండేవాళ్ళు. కంటికి ఆననంత చిన్న జీవులు. ఒక్కొక్కరుగా ఉంటే కనబడరు. కోటానుకోట్ల మంది ఒకచోట చేరితే మాత్రం, రాయి మీద నారింజ రంగు పూసినట్టు కనబడేవాళ్ళు. వాళ్ళలో పెద్దదాన్ని అందరూ ఉడుకవ్వ అని పిలిచేవాళ్ళు.

బుగ్గకు కాస్త దూరంలో చల్లని వాగు పారేది. అందులో తుంపర అనే నీటికుక్క ఉండేది. పోయిన వేసవిలో వాగు ఎండిపోయింది. తుంపర పిల్లలు రెండూ ఎండదెబ్బకు చచ్చిపోయాయి. వానలు పడి వాగు మళ్ళీ నిండినా, తుంపర కడుపుకోత తీరలేదు. వేడి అన్న మాట వింటేనే అది వణికిపోయేది.

ఒకరోజు తుంపర తిరుగుతూ తిరుగుతూ బుగ్గ వైపు వచ్చింది. ఆవిరిలోంచి సన్నగా మాటలు వినిపించాయి.

"ఎవరక్కడ?" అని అడిగింది.

"మేమే తల్లీ, ఈ రాళ్ళ మీద కాపురముండేవాళ్ళం," అంది ఉడుకవ్వ.

"అయ్యయ్యో! ఈ మరిగే నీళ్ళలోనా? ఎలా ఓర్చుకుంటున్నారు?"

"ఓర్చుకోవడమేముంది? మేం పుట్టిందే ఇందులో."

"ఊరుకో అవ్వా! వేడి ఏం చేస్తుందో నాకు తెలుసు. నా పిల్లల్ని పొట్టన పెట్టుకున్నది అదే."

ఉడుకవ్వ మెల్లగా అంది. "నీకు రాకూడని కష్టం వచ్చింది తల్లీ. కానీ మా తీరు వేరు. నీకు చల్లదనం ఎంత హాయో, మాకు ఈ వేడి అంత హాయి. మమ్మల్ని తినేవాళ్ళెవరూ ఈ నీళ్ళలోకి రాలేరు. ఈ వేడే మాకు కోటగోడ."

తుంపర తల ఊపింది. కానీ ఆ మాట నమ్మలేదు. 'పాపం, చల్లదనం ఎరగరు కాబట్టి ఇలా అంటున్నారు,' అనుకుంది.

మర్నాడు తెల్లవారగానే మళ్ళీ వచ్చింది. బుగ్గ అంచున నారింజ రంగు నిండిన చిన్న రాయి ఒకటి ఉంది. తుంపర దాన్ని లాగి గుండెకు హత్తుకుంది. ఒళ్ళు చుర్రుమన్నా వదల్లేదు.

"ఆగు తల్లీ! వాళ్ళను తీసుకుపోకు!" అని ఉడుకవ్వ అరిచింది.

"భయపడకు అవ్వా! మెల్లమెల్లగా మీ అందర్నీ తీసుకుపోతాను," అంటూ తుంపర పరుగెత్తింది. రాయిని వాగులో, నీడపట్టున, మెత్తని ఇసుకలో పెట్టింది. తన పిల్లల్ని పడుకోబెట్టినంత జాగ్రత్తగా పెట్టింది.

మొదటి రోజు రాతి మీది జీవులు, "చలి! చలి!" అన్నాయి.

"కొత్త కదా, అలవాటైపోతుందిలే," అంది తుంపర.

రెండో రోజు నారింజ రంగు వెలిసిపోయింది. గొంతులు పీలగా వచ్చాయి. "మా బుగ్గకు తీసుకుపో. మాకు కదలడానికి కూడా చేతకావడం లేదు," అన్నాయి.

తుంపర మనసు తటపటాయించింది. కానీ, 'ఇంకొక్క రోజు చూద్దాం. ఇంత చల్లని నీళ్ళు ఎవరికి చేటు చేస్తాయి?' అనుకుంది.

మూడో రోజు చేపల వేటకు పోయి వచ్చేసరికి రాయి నిండా నత్తలు పాకుతున్నాయి. తుంపర వాటిని విదిలించి చూసింది. కింద ఉత్త బూడిదరంగు రాయి.

"మాట్లాడండి!" అంది. "ఒక్క మాట మాట్లాడండి!"

ఎవరూ పలకలేదు.

రాయిని ఎత్తుకుని తుంపర బుగ్గకు పరుగెత్తింది. మరిగే నీటి అంచున పెట్టింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా చూసింది. పొద్దు వాలేదాకా చూసింది. రాయి రాయిలాగే ఉంది.

"అవ్వా," అని చివరికి పిలిచింది. "నీ వాళ్ళను నేనే చంపేశాను. సగం మందిని చలి తినేసింది. మిగిలినవాళ్ళను నత్తలు తినేశాయి."

బుగ్గ ఒక్కటే బుడబుడలాడుతూ ఉంది.

"నన్ను తిట్టు అవ్వా," అంది తుంపర.

"తిడితే వాళ్ళు తిరిగి వస్తారా తల్లీ? పిల్లల్ని పోగొట్టుకున్నదానివి. ఆ బాధ ఏమిటో నీకు నేను చెప్పాలా?" అంది ఉడుకవ్వ. మళ్ళీ ఆగి అడిగింది. "ఒక్కటి చెప్పు. వాళ్ళు ఏమైనా అడిగారా?"

తుంపర తల వంచుకుంది.

"ఇంటికి తీసుకుపొమ్మన్నారు అవ్వా," అంది. "నేను వినలేదు."

నీతి: జాలి ఉంటే చాలదు. ఎదుటివాళ్ళు తమకు ఏది మంచో చెబుతున్నప్పుడు చెవిపెట్టి వినాలి. వినని జాలి ప్రాణాలు తీస్తుంది.