నల్లరేగడి మీద నక్క మేడ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి గొడవ నాకెందుకుగానీ, ఇల్లు కట్టి చూసిన ఓ నక్క ముచ్చట చెబుతా, వినండి.

అడవి అంచున నల్లరేగడి మైదానం ఉంది. దాని పక్కనే ఎర్రటి మొరం దిబ్బ. ఎంత వాన పడినా ఆ దిబ్బ మీద చుక్క నిలవదు. అక్కడ బొరియలో ఓ కుందేలు తన మూడు పిల్లలతో కాపురం ఉండేది. దానికి ఒక్కటే దిగులు. గుమ్మం ముందు కప్పు లేదు, పిల్లలు ఆడుకోవడానికి బయటికొస్తే డేగ దిగేది. నిరుడు ఒక పిల్లను కళ్లముందే ఎత్తుకుపోయింది.

నక్కకు ఆ బొరియ మీద ఎప్పట్నుంచో కన్ను. వానాకాలం తడవని చోటు ఆ చుట్టుపక్కల అదొక్కటే మరి!

మండుటెండల్లో ఒకనాడు వచ్చి, "చెల్లెమ్మా, నీ కడుపుకోత చూడలేకపోతున్నా. మైదానంలో నీకు నాపరాళ్లతో ఇల్లు కట్టిస్తా. గోడలు రాయి, కప్పు రాయి. డేగ కాదు గదా, దాని తాత దిగొచ్చినా ఏమీ చెయ్యలేదు. బదులుగా ఈ పాత బొరియ నాకిచ్చెయ్, చాలు" అంది.

కుందేలుకు కళ్లనీళ్లు తిరిగాయి. "నిజంగా కడతావా, అన్నా?"

కట్టింది, కాదనను. కానీ ఎండకు రేగడి ఇనుములా బిగిసి ఉంది. జానెడు తవ్వేసరికి నక్క గోళ్లు అరిగాయి. "మట్టిలో పోయే పునాదిని ఎవడు చూడొచ్చాడులే!" అనుకుని ఆ జానెడులోనే రాళ్లు పేర్చేసింది. పైకి మాత్రం నున్నటి గోడలు, బరువైన రాతి తలుపు. పైన పటారం, లోన లొటారం!

ఉడుము తాత వచ్చి ఇంటి పక్కన నేల బీటవారిన నెర్రెలోకి తోక దించి చూశాడు. తోక మొత్తం పట్టింది.

"ఏమయ్యా, పునాది రేగడి దాటి కింది మొరం దాకా దిగిందా? ఎండకు ఇంతలా ముడుచుకున్న నేల, వానకు ఊరుకుంటుందా?"

"నీ తోక చెబితే చాలదు తాతా, ఏనుగు మామ కాలు చెప్పాలి!" అంటూ నక్క ఏనుగును పిలుచుకొచ్చింది. "మామా, ఇంటి చుట్టూ కసిదీరా తొక్కు."

ఏనుగు ధనధనా తొక్కింది. దుమ్ము లేచిందిగానీ నేల వెంట్రుకవాసి కుంగలేదు. చూడవచ్చిన జంతువులన్నీ నోళ్లు తెరిచాయి.

"చూశారుగా! ఏనుగుకే కుంగని నేల నాలుగు రాళ్లకు కుంగుతుందా?" అని నక్క విరగబడి నవ్వింది.

అందరూ తలలూపారు. కుందేలు మాత్రం నెర్రె వంకే చూస్తూ ఉంది. ఒక పిల్ల పోయిన తల్లి, మిగిలినవాటిని ఊరికే ఎక్కడపడితే అక్కడ దించుతుందా?

"అన్నా, మా కుందేళ్లలో ఒక ఆనవాయితీ. ఇల్లు ఎవరు కడితే తొలి ముసురుకు వాళ్లే అందులో నిద్ర చెయ్యాలి. ఆ తర్వాతే పిల్లల్ని దించుతాం. వాన వెలిసిన మరుక్షణం బొరియ నీదే."

"ఓస్, ఇంతేనా! పడుకోవడం కూడా ఒక పనేనా!" అంది నక్క.

మృగశిర కార్తె వచ్చింది, ముసురు పట్టింది. నక్క లోపల దూరి తలుపు రాయి మూసుకుంది. బయట నెర్రెలన్నీ గటగటా నీళ్లు తాగాయి. తాగి తాగి మూసుకున్నాయి. అయినా నేలకు దాహం తీరలేదు.

అబ్బ, ఆ పొద్దున జరిగింది చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది! ఇల్లు కుంగుతుందేమోనని దిబ్బ మీంచి అందరూ చూస్తున్నారు. కుంగలేదు. లేచింది! పెనం మీద జొన్నరొట్టె పొంగినట్టు నేల పొంగింది. ఒక మూల గోడ పైకి లేచింది, రెండో మూల కదల్లేదు. నడిమి గోడ నిలువునా ఫెళ్లుమంది. తలుపు రాయి వంకరపోయి బిగుసుకుంది.

"ఓ చెల్లెమ్మో! ఓ మామో! తలుపు రావట్లేదు, చచ్చాను బాబోయ్!" లోపల్నుంచి నక్క ఊళ.

ఏనుగు పరుగున వచ్చి, తలుపు పట్టుకోబోయి ఆగిపోయింది. తొండంతో బురదను మెల్లగా తాకింది.

"నేను తొక్కితే కిక్కురుమనలేదు గదా ఈ నేల! వాన తాగి ఇన్నిన్ని రాళ్లను ఎత్తేస్తోందే! ఇంత బలం ఎక్కడ దాచింది తాతా?"

"తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు, మనవడా" అన్నాడు ఉడుము తాత. "నువ్వు పైనుంచి తొక్కావు. అది కిందనుంచి తోసింది."

కుందేలు పిల్లలు అల్లరి మాని తల్లిని కరుచుకున్నాయి. ఆ గోడల మధ్య తామే ఉండాల్సింది మరి.

ఏనుగు తలుపు పెకలించింది. నక్క బయటపడి లగెత్తబోయింది.

"ఎక్కడికన్నా? బొరియ వద్దా?" అంది కుందేలు.

"నీ బొరియకో దణ్ణం తల్లీ, నన్నొదిలెయ్!"

"నీకు బొరియ అక్కర్లేదేమో, నాకు ఇస్తానన్న కప్పు కావాలి. రాళ్లున్నాయి, నువ్వున్నావు, మామ పక్కనే నిలబడతాడు. దిబ్బ మీద నా గుమ్మం ముందు కట్టు. పైమట్టి తీసి, గట్టి మొరం తగిలాకే రాయి పెట్టు."

ఏనుగు అడ్డంగా నిలబడితే నక్క ఏమంటుంది? జోరున కురిసే వానలో, ఎవరి బొరియ కాజేద్దామనుకుందో వాళ్ల గుమ్మం ముందే మొరం తగిలేదాకా గోకుతూ కూర్చుంది.

ఎండలో నేల చెప్పేది సగం మాటే. మిగతా సగం వానలో విన్నాకే రాయి పెట్టాలి.