సింహాద్రి ఏనుగుని పోస్టు చేసిన వైనం

బొబ్బరవలసలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని సింహాద్రికి గట్టి నమ్మకం. భార్య ముత్యాలుకీ అదే నమ్మకం. తమ్ముడు వరహాలుకైతే అందులో సగం తన ఒక్కడిదేనని ఇంకో నమ్మకం. ముగ్గురూ చెక్కబొమ్మలు చేసి, లక్క రంగులు పూసి, ఫోనులో ఫొటోలు పెట్టి అమ్ముతారు.

"ఊళ్ళోవాళ్ళు సంతకి మోసుకుపోయి అమ్ముతున్నారు. మనం మంచం మీద కూచుని అమ్ముతున్నాం. తెలివంటే ఇది!" అనేవాడు సింహాద్రి. మంచం మీద కూచుని అప్పటిదాకా ఒక్క బొమ్మ కూడా అమ్మలేదన్న సంగతి ఆ తెలివికి అడ్డురాలేదు.

ఒకరోజు విజయవాడ నుంచి శశికళ అనే ఆవిడ ఫోను చేసింది. "శుక్రవారం బొమ్మల కొట్టు తెరుస్తున్నానండీ. మీ అంబారీ ఏనుగు ఆ రోజుకి నాకు చేరాలి. అద్దాల బీరువాలో పెడతాను. నలుగురికీ నచ్చితే వందకి ఆర్డరిస్తాను."

వంద ఏనుగులంటే ఇంటిల్లిపాదికీ ఏడాది పని. ఆ ఆర్డరు తప్పితే సింహాద్రి మళ్ళీ జీడితోటల్లో కూలికి పోవాలి.

సోమవారం పొద్దున్నే అన్నదమ్ములు ఏనుగుని అట్టపెట్టెలో పెట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళారు. గుమాస్తా తూకం వేశాడు.

"ఐదొందల ఇరవై గ్రాములుంది. అరకిలో దాటితే పై రేటు పడుతుంది. చిన్న పెట్టె చూసుకోండి, సరిపోతుంది. ఇంతకీ త్వరగా వెళ్ళేదా, నిదానంగా వెళ్ళేదా?"

"నిదానంగానే పోనీండి బాబూ. పరిగెడితే మీదున్న అంబారీ జారిపోద్ది."

"నిదానంగా అయితే శుక్రవారానికి అందదయ్యా."

"అలాగైతే అంబారీని మేకులేసి బిగించి తెస్తాం," అన్నాడు సింహాద్రి. గుమాస్తా వరసలో వెనకున్నవాణ్ణి రమ్మని పిలిచాడు.

ఇంటికొచ్చి మేకులు కొట్టారు. బరువు ఐదొందల ముప్ఫై అయింది. తగ్గించమంటే పెరిగింది!

"కాలు తీసేద్దారి అన్నా," అన్నాడు వరహాలు. "మన ముక్కాలిపీట మూడు కాళ్ళ మీద నిలబడ్డం లేదేటి?"

అంతే, కాలు కోసేశారు. అది అరవై గ్రాములు తూగింది. సింహాద్రి వేళ్ళు మడిచి లెక్క కట్టి ఉలిక్కిపడ్డాడు. "ఒరే, ఇప్పుడు నాలుగొందల డెబ్భయ్యే! అరకిలోకి డబ్బు కట్టి ముప్ఫై గ్రాములు వాళ్ళకి వదిలేస్తామేట్రా?" ఇంకేముంది, కోసిన కాలుని సగానికి నరికి, ఒక సగం పెట్టెలో పడేశారు. సరిగ్గా అరకిలో. చిన్న పెట్టె సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

త్వరగా వెళ్ళే పోస్టులో పంపుదామని మళ్ళీ పోస్టాఫీసుకి వెళ్ళారు. ఈసారి ముత్యాలు కూడా వెంట వచ్చింది. గుమాస్తా అన్నాడు: "పగిలే వస్తువైతే పైన ఆ ముక్క రాయండి. జాగ్రత్తగా చూస్తారు."

సింహాద్రి పెన్ను తీశాడు. ముత్యాలు చెయ్యి పట్టుకుంది. "ఇది చెక్క. పగలదు. అబద్ధం రాస్తే కళ్ళు పోతాయి."

"రాయకపోతే జాగ్రత్తగా చూడరే!"

"ఉండు మరి." ముత్యాలు ఏనుగుని బయటికి తీసి మెట్టుకేసి ఒక్కటి బాదింది. చెవి ఊడి అవతల పడింది. "పగిలింది. ఇప్పుడు రాయి, నిజమే కదా."

గుమాస్తా నుదురు కొట్టుకుని రసీదు ఇచ్చాడు. "ఈ నంబరు ఫోనులో కొడితే పార్సిల్ ఎక్కడుందో తెలుస్తుంది."

"తెలిసి ఏటి లాభం? దారి తప్పితే ఈ నంబరు చెయ్యి పట్టుకుని తీసుకొస్తదా? వరహాలూ, నువ్వు దాని వెనకాలే పో!"

అంతే, వరహాలు బస్సెక్కాడు. బుధవారానికల్లా శశికళ గారి గుమ్మం ముందున్నాడు.

"ఏనుగేదయ్యా?" అందావిడ.

"పోస్టులో వస్తందమ్మా. నేను దాని వెనకాల వస్తన్నాను."

"వెనకాల వచ్చేవాడివి ముందెలా వచ్చావు?"

వరహాలు అన్నకి ఫోను చేశాడు. "ఏనుగు కదా, బరువు మనిషి, నెమ్మదిగా వస్తదని చెప్పు," అన్నాడు సింహాద్రి.

శుక్రవారం వచ్చింది. శశికళ గారు ఇంటికి తాళం వేసి కొట్టు దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పుడొచ్చాడు పోస్టుమాన్. మళ్ళీ ఫోను.

"అన్నా, ఆవిడ లేదు. పార్సిల్ నన్ను తీసుకోమంటన్నాడు."

"పరాయి వాళ్ళ సొమ్ము ముట్టుకుంటావేట్రా, సిగ్గులేదూ?"

"అయితే రేపు తెస్తానంటన్నాడు."

"రేపు శనివారం! శుక్రవారం అందిస్తామని మాటిచ్చాం. మాట తప్పే వంశం కాదు మనది. పంపినవాళ్ళం మనమే కదా, వెనక్కి పంపెయ్యమని రాసిచ్చెయ్!"

ఏనుగు వెనక్కి బయల్దేరింది. దాని వెనకాల వరహాలు బయల్దేరాడు. మంగళవారం ఇద్దరూ ఇల్లు చేరారు.

ఆ సాయంత్రం శశికళ గారు ఫోనులో నిప్పులు చెరిగింది. "ఖాళీ బీరువాతో కొట్టు తెరిచాను, తెలుసా? వచ్చినవాళ్ళంతా నవ్వారు! ఇంకొక్క అవకాశం ఇస్తున్నాను. ఈసారి పోస్టూ వద్దు, గీస్టూ వద్దు. మీ తమ్ముడు ఇల్లు చూశాడుగా, అతన్ని పంపండి. చాలు."

"అలాగేనమ్మా!" అన్నాడు సింహాద్రి.

ఇంకేముంది, ముత్యాలు మరిదికి తలంటు పోసింది. సింహాద్రి వాడి చొక్కా వీపు మీద విజయవాడ అడ్రసు రాశాడు. రెండు చేతులూ ఖాళీగా ఊపుకుంటూ వరహాలు బస్సెక్కాడు.

మర్నాడు ఫోను మోగింది.

"సింహాద్రి గారూ, ఏనుగేదీ?"

"మీరు ఏనుగని అనలేదు కదమ్మా. తమ్ముణ్ణి పంపమన్నారు, పంపాం. అందాడా?"

"అందాడు!"

"ఎక్కడా సొట్టలేం పడలేదు కదండీ?"

అవతల ఫోను ఠక్కున పెట్టేశారు. సింహాద్రి మీసం దువ్వుకున్నాడు. "విన్నావా ముత్యాలూ? మొదటి సరుకు చెక్కుచెదరకుండా చేరింది." అంతలోనే అతని మొహం వాడిపోయింది.

"ఏటయింది?"

"వందకి ఆర్డరిస్తానంది కదే. ఇంకా తొంభై తొమ్మిదిమంది తమ్ముళ్ళని నేనెక్కణ్ణించి తేవాలి?"

"మా పిన్ని కొడుకులు నలుగురున్నారు," అంది ముత్యాలు. "ముందు వాళ్ళ ఫొటోలు పెట్టు."